టేపు సాగితే లెక్క ఎందుకు తగ్గుతుంది?

మే నెలలో అనంతపురం వైపు ఒక లేఔట్ పని. తారు రోడ్డు అంచున రెండు రాళ్ల మధ్య దూరం కొలవాలి. పొద్దున ఆరున్నరకి ముప్పై మీటర్ల స్టీలు టేపుతో కొలిస్తే 412.46 మీటర్లు వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అదే టేపు, అవే రాళ్లు, పట్టుకున్న మనుషులూ వాళ్లే, 412.35 వచ్చింది. పదకొండు సెంటీమీటర్లు ఎటు పోయాయో తెలీక మళ్లీ మొదటి రాయి దగ్గర్నుంచి కొలిచాం, మళ్లీ అదే 412.35. ఎవడో ఒకడు టేపు సరిగ్గా పట్టుకోలేదని ఇంజనీరు గొడవ మొదలుపెట్టాడు. మాతో ఉన్న పెద్దాయన, ముప్పై ఏళ్లు గొలుసు లాగిన చైన్‌మన్, నెమ్మదిగా ఒక మాట అన్నాడు: "ఎండకు టేపు సాగింటాది సార్, పొద్దున కొలతే నిజం."

అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. టేపు సాగితే కొలత పెరగాలి కదా, తగ్గడమేంటి?

సర్వేలో టేపు దిద్దుబాట్లు చదివే ప్రతి విద్యార్థీ ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే. ఫార్ములాలు కష్టమైనవేమీ కావు, పదో తరగతి లెక్కలు వస్తే చాలు. వచ్చిన దిద్దుబాటుని కలపాలా తీసెయ్యాలా అన్నదే పరీక్షలోనూ, తర్వాత సైటులోనూ ముంచేది. నేను చదువుకున్నప్పుడు ఏడు ఫార్ములాలు బోర్డు మీద రాసి, పక్కన ప్లస్సులూ మైనస్సులూ పెట్టి బట్టీ పట్టమన్నారు. పరీక్ష అయిన వారానికి అన్నీ కలిసిపోయాయి. ఒక్క విషయం మనసులో గట్టిగా కూర్చుంటే గుర్తుల్ని బట్టీ పట్టే అవసరమే ఉండదు, అది మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే.

బియ్యం మానికతో కొలవడం చూసే ఉంటారు, లేదా పెద్దవాళ్లు చెప్పగా వినుంటారు. గాదెలో ఉన్న ధాన్యం ఎంతో అంతే. మానిక కాస్త పెద్దదైతే ఎనభై మానికలు రావాల్సిన చోట డెబ్బై ఎనిమిదే వస్తాయి. కొలిచే పాత్ర పెద్దదైతే లెక్క తగ్గుతుంది. టేపు కూడా అంతే. నేల మీద దూరం మారలేదు, ఎండకి టేపులో ఒక్కో మీటరు కొంచెం పొడుగైంది, అందుకని తక్కువ మీటర్లు పట్టాయి. కాబట్టి టేపు పొడుగైనప్పుడు చదివిన అంకెకి కలపాలి, పొట్టిదైనప్పుడు తీసెయ్యాలి. టేపు ఎందుకు పొడుగైందన్నది తర్వాతి సంగతి. వేడికి కావచ్చు, గట్టిగా లాగినందుకు కావచ్చు, ఫ్యాక్టరీలోనే అలా వచ్చి ఉండొచ్చు, లేదా తెగిన చోట ఎవరో అతికించి ఉండొచ్చు. కారణం ఏదైనా గుర్తు ఒకటే.

ఇప్పుడు మొదటి దిద్దుబాటు, అంటే టేపు అసలు పొడవు. టేపు మీద 30 మీటర్లని అచ్చు వేసినంత మాత్రాన అది 30 మీటర్లు అయిపోదు. మంచి టేపుల మొదట్లో చిన్న అక్షరాలతో 20 డిగ్రీలు, 50 న్యూటన్లు అని రాసి ఉంటుంది, చాలామంది దాన్ని చూడను కూడా చూడరు. ఆ వేడిలో, ఆ లాగుడుతో, సమతలం మీద పరిచి ఉన్నప్పుడే ఈ అంకెలు నమ్మమని తయారు చేసినవాళ్లు పెట్టిన షరతు అది. పక్కన రోమన్ అంకెలో ఒకటి, రెండు, మూడు అని క్లాసు కూడా ఉంటుంది. రెండో క్లాసు 30 మీటర్ల టేపుకి 6.3 మిల్లీమీటర్ల వరకు తేడా ఉండనిస్తారు, మూడో క్లాసుకి దానికి రెట్టింపు. అంటే కొట్లో కొన్న కొత్త టేపులోనే, ఏ తప్పూ లేకుండానే, అర సెంటీమీటరు తేడా ఉండొచ్చు. దీనికి మందు సులువే. సర్టిఫికెట్ ఉన్న టేపుని ఒకటి బయట వాడకుండా దాచుకుని, నెలకోసారి పనిచేసే టేపుని నీడలో దాని పక్కన పరిచి, రెంటినీ ఒకే బలంతో లాగి పోల్చుకోవడం. మేం అనంతపురంలో వాడినదాన్ని ఆ తర్వాత అలా పోల్చి చూస్తే 6 మిల్లీమీటర్లు పొడుగుంది. ముప్పై మీటర్లకి 6 మిల్లీమీటర్లంటే ఏమంత కాదనిపిస్తుంది కానీ, 412 మీటర్లలో అది దాదాపు పద్నాలుగు సార్లు పడుతుంది, అంటే 8 సెంటీమీటర్ల పైనే.

వేడి సంగతికొస్తే, ఉక్కు డిగ్రీకి తన పొడవులో కోటికి 120 వంతులు పెరుగుతుంది. ఇలా చెప్తే ఎవరికీ గుర్తుండదు. నేను గుర్తుపెట్టుకునేది ఇలా: 30 మీటర్ల టేపుకి ప్రతి మూడు డిగ్రీలకి ఒక మిల్లీమీటరు. 20 దగ్గర సరిగ్గా ఉన్న టేపు 50 డిగ్రీల దగ్గర ఒక సెంటీమీటరు పైగా పొడుగౌతుంది. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. ఫోన్లో వాతావరణం చూసి 41 డిగ్రీలని రాసేస్తారు. కావాల్సింది గాలి వేడి కాదు, టేపు వేడి. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద పరిచిన టేపుని చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది, అది గాలి కంటే ఎంత వేడిగా ఉంటుందో. థర్మామీటరుని టేపుకి ఆనించి, అదే ఎండలో రెండు మూడు నిమిషాలు ఉంచి చూడాలి. మేం అలా చూస్తే 48 వచ్చింది, పొద్దున 26 ఉంది. 22 డిగ్రీల తేడా, 412 మీటర్లు, లెక్క వేస్తే సరిగ్గా పదకొండు సెంటీమీటర్లు. ఎవరి చేతిలోనూ తప్పు లేదు, ఇంజనీరు అన్నన్ని మాటలు ఊరికే అన్నాడు.

ఈ వేడి గొడవ మన దక్షిణాదిలో రెండు వందల ఏళ్ల క్రితమే ఒకాయన తలకి చుట్టుకుంది. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన విలియం లాంబ్టన్ అనే సర్వేయరు ఒక బేస్‌లైన్ కొలిచాడు, సుమారు ఏడున్నర మైళ్లు. భారతదేశం మొత్తాన్ని త్రిభుజాలతో కొలిచిన మహా సర్వేకి పునాది గీత అదే, దాంట్లో తప్పుంటే ఆ పైన కట్టుకుంటూ పోయిన ప్రతి త్రిభుజంలోనూ అదే నిష్పత్తిలో తప్పు వస్తుంది. ఆయన చేతిలో ఉన్నది రామ్స్‌డెన్ తయారుచేసిన వంద అడుగుల ఉక్కు గొలుసు, ఒక్కోటి రెండున్నర అడుగులున్న నలభై లింకులు. దాన్ని నేల మీద ఈడ్చలేదు. చెక్క తొట్లలో పరిచి, ఆ తొట్లని స్టాండ్ల మీద ఒకే ఎత్తున నిలబెట్టి, థర్మామీటర్లు పెట్టి, ఒక్కో గొలుసు పొడవుకీ వేడి రాసుకుంటూ ముందుకి జరిపారు. అలా నాలుగు వందల సార్లు. ఎందుకంత పట్టింపు అంటారా? ఏడున్నర మైళ్లు అంటే 12 కిలోమీటర్లు. 10 డిగ్రీలు లెక్కలో తప్పితే దాదాపు ఒకటిన్నర మీటరు తేడా వస్తుంది. మద్రాసు ఎండలో పొద్దుటికీ మధ్యాహ్నానికీ 10 డిగ్రీలు ఒక లెక్కా!

ఆ తర్వాతి తరం వేడిని దిద్దడం కాదు, వేడే పట్టని కొలబద్ద కావాలనుకుంది. 1862-63లో మన విశాఖపట్నం దగ్గర బేస్‌లైన్ కొలిచింది కోల్బీ బార్లతో. ఒక ఇత్తడి కడ్డీ, ఒక ఇనుప కడ్డీ పక్కపక్కన పెట్టి, మధ్యలో బిగించి, చివర్లలో రెంటినీ కలుపుతూ చిన్న నాలుకలు అమర్చారు. వేడికి ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ సాగుతుంది, ఆ తేడాకి నాలుక వాలుతుంది, కానీ దాని కొన మీద ఉన్న చుక్క మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ రెండు చుక్కల మధ్య దూరం పది అడుగులు, ఎండలోనూ అంతే, చలిలోనూ అంతే. ఇంత అందమైన ఆలోచన సర్వే చరిత్రలో ఇంకోటి ఉందని నేననుకోను. 1896లో గిలోమ్ అనే శాస్త్రవేత్త 36 శాతం నికెల్ కలిపిన ఇనుముతో ఇన్వార్ అనే లోహాన్ని కనిపెట్టాక కడ్డీల అవసరం పోయింది. ఉక్కుతో పోలిస్తే అది పదో వంతు మాత్రమే సాగుతుంది. 1920లో ఆయనకి భౌతికశాస్త్రం నోబెల్ ఇచ్చారు. కొలతలు సరిగ్గా రావడానికి పనికొచ్చిన లోహానికి నోబెల్ వచ్చిందంటే నాకిప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఇక లాగుడు. మన సైట్లలో "బిగ్గా లాగు" అనడమే తప్ప ఎంత బిగ్గా అన్నది ఎవరూ చెప్పరు. 50 న్యూటన్లంటే సుమారు ఐదు కిలోల బరువు వేలాడదీసినంత. కూరగాయల కొట్లో వాడే స్ప్రింగ్ కాటా టేపు కొసకి తగిలిస్తే చాలు, పని అయిపోతుంది. నేల మీద పరిచిన టేపుకి ఈ దిద్దుబాటు చిన్నదే. 13 మిల్లీమీటర్ల వెడల్పు, 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న టేపుని ఐదు కిలోల బదులు పది కిలోలతో లాగితే 30 మీటర్లకి 3 మిల్లీమీటర్లు కూడా సాగదు. మేం చేత్తో లాగినది తర్వాత కాటాతో చూస్తే 70 న్యూటన్లు వచ్చింది, మొత్తం 412 మీటర్లకి దాని వల్ల వచ్చింది ఒకటిన్నర సెంటీమీటర్లే.

కానీ టేపు గాల్లో ఉన్నప్పుడు లాగుడే అసలు సమస్య. కాలవ మీదుగానో, పునాది గుంతల మీదుగానో టేపు పట్టుకున్నప్పుడు దాని బరువుకి అది మధ్యలో కిందకి జారుతుంది. బట్టలారేసే తీగలాగా. వంగిన తీగ వెంబడి అంకె చదువుతున్నాం, మనకి కావాల్సిందేమో నేరు దూరం. వంపు వెంబడి దారి ఎప్పుడూ నేరు దారి కంటే ఎక్కువే కాబట్టి ఈ దిద్దుబాటు ఎప్పుడూ తీసెయ్యాల్సిందే, ఇక్కడ మానిక లెక్కతో పని లేదు. ఎంత తీసెయ్యాలంటే, టేపు బరువుని తనతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, లాగుడుని తనతోనే గుణించి వచ్చినదాన్ని 24 రెట్లు చేసి దాంతో భాగించాలి. పైన చెప్పిన టేపు 30 మీటర్ల బరువు 600 గ్రాముల పైచిలుకు, అంటే 6 న్యూటన్లు. ఐదు కిలోల లాగుడుకి మధ్యలో 45 సెంటీమీటర్లు జారుతుంది, కళ్లకి భయంకరంగా కనిపిస్తుంది, కానీ కొలతలో తేడా 18 మిల్లీమీటర్లే. బద్ధకించి మూడు కిలోలతో లాగితే ఆ తేడా 5 సెంటీమీటర్లు అవుతుంది. పది కిలోలతో లాగితే నాలుగున్నర మిల్లీమీటర్లకి పడిపోతుంది. అదే ఐదు కిలోల మీదే ఉంచి, మధ్యలో ఒక మనిషి టేపుని కర్రతో రెండు కొసల ఎత్తుకి ఎత్తి పట్టినా సరే నాలుగున్నరకే వస్తుంది. ఫార్ములా చూస్తే ఇది కనిపించదు, లెక్క వేసి చూస్తే కనిపిస్తుంది: గాల్లో కొలిచేటప్పుడు మధ్యలో పట్టడానికి ఇంకో మనిషి ఒకడుంటే ఫార్ములా అక్కర్లేదు.

ఇంకో చిత్రం కూడా ఉంది. గట్టిగా లాగితే టేపు సాగుతుంది, అది కలపాల్సిన తేడా. గట్టిగా లాగితే వంపు కూడా తగ్గుతుంది, అది తీసెయ్యాల్సిన తేడా. లాగుడు పెంచుతూ పోతే ఎక్కడో ఒకచోట రెండూ సమానమై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మా టేపుకి అది సుమారు 112 న్యూటన్ల దగ్గర వస్తుంది, పదకొండు కిలోల పైన. ఒకసారి ఈ అంకె తెలిసిపోతే కాటాని అక్కడే ఆపి లాగితే చాలు, గాల్లో ఉన్నా ఈ రెండు దిద్దుబాట్లూ మర్చిపోవచ్చు. ఫైబర్ టేపుకి మాత్రం ఇవేవీ చెల్లవు. అది లాగితే ఎంత సాగుతుందో పాతబడే కొద్దీ మారిపోతుంది కాబట్టి దాంతో కొలిచి మిల్లీమీటర్ల దాకా దిద్దుబాట్లు వెయ్యడం వృథా ప్రయాస. గోడలు, ఇంటి చుట్టుకొలతలు తీసుకోవడానికి అది బాగుంటుంది, హద్దు రాళ్లకి వద్దు.

వాలు గురించి నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పెద్ద తప్పులన్నీ ఇక్కడే ఉంటాయి, మనకి కనపడవు కూడా. దస్తావేజులో ఉండే పొడవైనా, విస్తీర్ణమైనా సమతలంగా లెక్కించినదే. నేల వాలు వెంబడి టేపు పరిస్తే ఎక్కువ చూపిస్తుంది, అందుకని ఇదీ ఎప్పుడూ తీసెయ్యాల్సిందే. ఎత్తు తేడాని తనతోనే గుణించి, పొడవుకి రెండింతలతో భాగిస్తే ఎంతో తెలుస్తుంది. 30 మీటర్లకి 30 సెంటీమీటర్ల ఎత్తు తేడా ఉంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు, దాన్ని వదిలెయ్యండి. ఒక మీటరు ఉంటే 17 మిల్లీమీటర్లు. మూడు మీటర్లు ఉంటే 15 సెంటీమీటర్లు. ఎత్తు మూడింతలైతే తప్పు తొమ్మిదింతలౌతుంది, అదే మన కంటిని మోసం చేస్తుంది. నూటికి రెండున్నర వాలున్న రోడ్డు మీద నిలబడితే అది వాలని కూడా అనిపించదు, వర్షం నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తే తప్ప తెలీదు. మా 412 మీటర్ల రోడ్డు అలాంటిదే. ఎత్తు తేడాలు కొలిచే ఆటో లెవెల్ పెట్టి చూస్తే రెండు రాళ్ల మధ్య 10.30 మీటర్ల తేడా ఉంది, దాని వల్ల తీసెయ్యాల్సింది 13 సెంటీమీటర్లు.

గట్టి వాలైతే ఫార్ములా జోలికి పోకుండా మెట్లు మెట్లుగా కొలవడమే మేలు. టేపుని సమంగా పట్టి, ముందు కొసనుంచి ప్లంబ్ బాబ్ (దారానికి వేలాడే తూకపు గుండు) వదిలి, అది తగిలిన చోట గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి మళ్లీ. ఎప్పుడూ పైనుంచి కిందకి దిగుతూ కొలవండి. దిగేటప్పుడు వెనక మనిషి టేపు సున్నాని నేల మీద గుర్తుకి ఆనించి కూర్చుంటాడు, ప్లంబ్ బాబ్‌తో కుస్తీ ముందు మనిషికొక్కడికే. ఎక్కుతూ కొలిస్తే వెనక మనిషి టేపుని గాల్లో ఎత్తి పట్టుకుని, సరిగ్గా గుర్తు మీదే ప్లంబ్ బాబ్ నిలబెట్టి, అదే సమయంలో లాగుడు కూడా ఆపుకోవాలి. అది మనిషికి సాధ్యమయ్యే పని కాదు.

లైను తప్పడం కూడా వాలు లాంటిదే, పక్కకి పడుకోబెట్టిన వాలు. అదే ఫార్ములా, అదే తీసివేత. టేపు కొస ఒక అడుగు పక్కకి పోతే ఒకటిన్నర మిల్లీమీటర్లే కాబట్టి దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు. కానీ మధ్యలో ఏ కంపచెట్టుకో తగిలి టేపు ఒక అడుగు వంగితే తేడా 6 మిల్లీమీటర్లు, నాలుగింతలు. చెట్టు కొమ్మ నరకడమో, టేపు దాని మీద నుంచి ఎత్తి పట్టడమో చేయండి.

ఇప్పుడు మా రోడ్డు లెక్క మొత్తం ఒకచోట వేద్దాం. మధ్యాహ్నం చదివింది 412.350. టేపు పొడుగున్నందుకు 8.2 సెంటీమీటర్లు కలపాలి, వేడికి 13.9 కలపాలి, లాగుడుకి 1.6 కలపాలి, వాలుకి 12.9 తీసెయ్యాలి. మిగిలేది 10.8 కలపడం. అసలు దూరం 412.458.

పొద్దున చదివింది 412.46 కదా! మర్నాడు టోటల్ స్టేషన్ (కాంతి కిరణంతో దూరం కొలిచే యంత్రం) తెచ్చి చూస్తే అదీ 412.46 చూపించింది. పెద్దాయన మాటే నెగ్గింది, పొద్దున కొలత సరైనదని అందరూ ఒప్పుకున్నారు. కానీ ఆ రాత్రి కూర్చుని పొద్దున్నది కూడా లెక్క వేస్తే నాకు నిద్ర పట్టలేదు. పొద్దున కూడా టేపు పొడుగే, లాగుడూ ఎక్కువే, వేడి కూడా 20 కంటే ఆరు డిగ్రీలు ఎక్కువే. అవన్నీ కలిపితే 12.8 సెంటీమీటర్లు కలపాలి. వాలుకి తీసెయ్యాల్సింది 12.9. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. పొద్దున కొలత తప్పులు లేనందువల్ల సరిగ్గా రాలేదు, తప్పులు సమంగా ఎదురెదురు నిలబడినందువల్ల వచ్చింది. ఆ రోడ్డు ఇంకాస్త చదునుగా ఉన్నా, ఇంకాస్త ఎత్తుగా ఉన్నా రాకపోయేది.

దీని నుంచి ఒక పాఠం ఉంది, ఏ పుస్తకంలోనూ నాకు గట్టిగా చెప్పినవాళ్లు లేరు. సగం దిద్దుబాటు అసలు దిద్దకపోవడం కంటే ప్రమాదం. పొద్దున కొలత తీసుకుని, కాస్త చదువుకున్నవాడు "వాలు దిద్దాలి కదా" అని 13 సెంటీమీటర్లు తీసేస్తే 412.33 వస్తుంది. ఉన్న మంచి అంకెని చేతులారా పాడుచేసుకున్నట్టే. వేస్తే అన్నీ వెయ్యాలి, లేదంటే ఏది వదిలేస్తున్నామో, అది ఎంత చిన్నదో తెలిసి వదిలెయ్యాలి.

మిల్లీమీటర్ల గోల రైతుకెందుకు అనేవాళ్లుంటారు. ఊళ్లో కొలతలు ఎక్కువ కాలం గొలుసుతోనే నడిచాయి. 66 అడుగుల గుంటర్ గొలుసు, వంద లింకులు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉంటే ఎకరం, లక్ష చదరపు లింకులు. సెంటుకి వెయ్యి చదరపు లింకులు. లెక్కకి ఇంత అనువైన సాధనం ఇంకోటి లేదు. కానీ లింకుకీ లింకుకీ మధ్య మూడు రింగులు, ఒకదానికొకటి రాసుకునే చోట్లు గొలుసు మొత్తంలో నాలుగు వందలు, అంటే అరిగే అంచులు ఎనిమిది వందలు. ఒక్కో అంచు 0.1 మిల్లీమీటరు అరిగితే గొలుసు 8 సెంటీమీటర్లు పొడుగౌతుంది. పైగా ఏ ముళ్లకంపకో తగులుకుంటే రింగులు విచ్చుకుంటాయి. ఒక లింకు పొడుగైన గొలుసుతో కొలిస్తే పొడవులో నూటికి ఒకటి తగ్గుతుంది, వెడల్పులో నూటికి ఒకటి తగ్గుతుంది, విస్తీర్ణంలో నూటికి రెండు తగ్గుతుంది. ఐదెకరాల పొలం కాగితం మీద ఐదెకరాలని రాస్తే నేల మీద ఐదెకరాల పది సెంట్లు ఉంటుంది. పది సెంట్లంటే 484 చదరపు గజాలు. ఇవాళ ఊరి పక్కన పది సెంట్లకి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తున్నారు. ఎఫ్‌ఎంబీలో (సర్వే శాఖ వాళ్ల పొలం కొలతల పుస్తకంలో) పొడవుకీ గట్టు మీద పొడవుకీ తేడా వచ్చినప్పుడు, పక్కవాడు జరిపాడని గొడవకి దిగే ముందు, నాలుగు గట్లూ ఒకే నిష్పత్తిలో తేడా వస్తున్నాయా అన్నది చూడండి. అలా వస్తుంటే గట్టు జరగలేదు, రెండు కాలాల కొలత సాధనాలు వేరు. ఒక్క గట్టు మాత్రమే తేడా వస్తుంటే అప్పుడు పక్కవాడి వైపు చూడొచ్చు.

కొలవడం వేరు, గుర్తు పెట్టడం వేరు. ఇది మర్చిపోతే ఇంతవరకూ చెప్పిందంతా తిరగబడుతుంది. ఉన్న దూరం ఎంతో చూడటం కొలత. ప్లాను ప్రకారం 90 మీటర్ల దగ్గర రాయి పాతడం గుర్తు పెట్టడం. మళ్లీ మానిక దగ్గరికే రండి. పెద్ద మానికతో పది మానికలు పోసివ్వమంటే ఎదుటివాడికి ఎక్కువే వెళ్తుంది. మా టేపుతో 90 చదివి రాయి పాతితే అది నిజానికి 90 మీటర్ల 18 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అందుకని పొడుగు టేపుతో గుర్తు పెట్టేటప్పుడు తగ్గించి 89.982 దగ్గర పెట్టాలి. కొలిచేటప్పుడు కలిపేవన్నీ ఇక్కడ తీసెయ్యాలి, తీసేసేవన్నీ కలపాలి. అపార్ట్‌మెంట్ పిల్లర్లు మధ్యాహ్నం ఎండలో మార్కింగ్ చేసే మేస్త్రీలందరికీ ఈ ఒక్క ముక్క తెలియాలని నా కోరిక.

టేపు కొసలు గుర్తు పెట్టేటప్పుడు వచ్చే చిన్న తేడాల గురించి మాత్రం బెంగ పడక్కర్లేదు. ఒకసారి మూడు మిల్లీమీటర్లు ముందుకి, ఇంకోసారి వెనక్కి. పదహారు సార్లు టేపు వేస్తే అవి 48 మిల్లీమీటర్లు కావు, సగటున 12 దగ్గర ఆగుతాయి, ఎందుకంటే ఇవి పదహారు కాదు, దాని వర్గమూలం నాలుగు రెట్లే పెరుగుతాయి. వేడి, వాలు, టేపు పొడవు అలా కాదు, ప్రతిసారీ ఒకే వైపుకి నెడతాయి.

అసలు పొరపాట్లు వేరే ఉన్నాయి, వాటికి ఫార్ములా లేదు. కొన్ని టేపుల్లో సున్నా రింగు బయటి అంచు దగ్గర మొదలౌతుంది, కొన్నింటిలో రింగు తర్వాత పట్టీ మీద కొంత దూరం లోపల. టేపు మార్చిన రోజే ఈ తప్పు జరుగుతుంది. ఇంకోటి, ఎన్ని టేపులు పడ్డాయన్న లెక్క తప్పడం. ఒక టేపు మర్చిపోతే 30 మీటర్లు పోయినట్టే, వెయ్యి దిద్దుబాట్లు వేసినా తిరిగి రాదు. వెనక మనిషి ఆరోలు (ఒక్కో టేపు కొస దగ్గర నేలలో గుచ్చే ఇనుప పుల్లలు) ఏరుకుంటూ వచ్చి చివర్లో చేతిలో ఉన్నవి లెక్కపెట్టడం అనే పాత అలవాటు ఇందుకే పెట్టారు. ఇంకో దిక్కు నుంచి, ఇంకో మనిషితో ఒకసారి తిరిగి కొలవడం కూడా అందుకే.

చివరిది ఎత్తు దిద్దుబాటు, దీన్ని అందరూ వదిలేస్తారు, చిన్న కొలతలకి వదిలెయ్యొచ్చు కూడా. పటాలన్నీ సముద్ర మట్టం దగ్గర దూరాలుగా లెక్కిస్తారు. ఎత్తైన చోట రెండు గుర్తుల మధ్య దూరం భూమి మధ్య నుంచి చూస్తే కాస్త విచ్చుకుని ఉంటుంది కాబట్టి కిందకి దించితే తగ్గుతుంది. హైదరాబాదు ఎత్తుకి కిలోమీటరుకి 8 సెంటీమీటర్లు, హార్సిలీ కొండ మీద 20 సెంటీమీటర్లు, విజయవాడలో ఏమీ లేదనుకోవచ్చు. ఇది పాత పుస్తకాల విషయంలా కనిపిస్తుంది కానీ రోవర్లు (ఉపగ్రహాల సాయంతో మనం ఉన్న చోటు చెప్పే జీపీఎస్ పరికరాలు) వచ్చాక దీని అక్క ఒకతి వచ్చి కూర్చుంది. రోవర్ ఇచ్చే యూటీఎం (గుండ్రటి భూమిని చదునైన పటం మీదకి తెచ్చే ఒక పద్ధతి) కోఆర్డినేట్ల నుంచి లెక్కించిన దూరం నేల మీద దూరం కాదు, పటం మీద దూరం. ఆ పటం మధ్యరేఖ మన వైపు 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, అది ఏలూరు పక్కనుంచే పోతుంది. అక్కడ పటం దూరాన్ని పదివేలకి నాలుగు వంతులు తగ్గించి చూపిస్తుంది, కిలోమీటరుకి 40 సెంటీమీటర్లు తక్కువ. హైదరాబాదుకి వస్తే మధ్యరేఖకి 270 కిలోమీటర్ల దూరం పోయాం కాబట్టి అదే పటం పెంచి చూపిస్తుంది, ఎత్తు దిద్దుబాటు పోను కిలోమీటరుకి సుమారు 40 సెంటీమీటర్లు ఎక్కువ.

ఏలూరు దగ్గర చెరువు గట్టు వెంబడి ఒక కిలోమీటరు టేపుతో జాగ్రత్తగా, అన్ని దిద్దుబాట్లూ వేసి కొలిచి, రోవర్ పెట్టిన కుర్రాడి అంకెతో పోల్చి 40 సెంటీమీటర్లు తేడా వచ్చిందని టేపు పట్టుకున్న మనిషిని తిట్టకండి. రోవర్ కంట్రోలర్‌లో గ్రౌండ్ (నేల మీద) దూరం, గ్రిడ్ (పటం మీద) దూరం అని రెండు సెట్టింగులుంటాయి, ముందు అది ఏది పెట్టి ఉందో చూడండి. మేం ఇప్పుడు ఫీల్డు బుక్కులో పేజీ పైన టేపు నంబరు, టేపు వేడి, కాటా మీద లాగుడు, వాలు ఎలా తీశాం అన్న నాలుగు రాసే చోట, ఐదోదిగా అది కూడా రాసుకుంటున్నాం.